‘ఎక్కింది - ఎక్కలే’ నోటుబుక్కు: చదివిన పుస్తకాల మీద మన మాట రాసిపెట్టుకునే పద్ధతి

“అన్నా, మీకు నచ్చిన పుస్తకాలు ఒక పది చెప్పండి” అని అడిగేవాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు. “మీకు నచ్చనివి చెప్పండి” అని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఇద్దరే. నాకు ఏది గిట్టదో తెలిశాక, నా మాట ఎంతవరకు నమ్మాలో వాళ్లిద్దరికీ తెలిసిపోయింది. నేను చెప్పిన పుస్తకాల్లో సగం పక్కన పెట్టి, మిగతా సగం చదివి బాగుపడ్డారు.

కాబట్టి పది పేర్ల జాబితా ఇవ్వడం మానేశాను. మీ జాబితా మీరే తయారు చేసుకునే పద్ధతి చెబుతాను. కడపలో మా ఇంట్లో 1999 నుంచి నడుస్తున్న నోటుబుక్కుల పద్ధతి ఇది: నచ్చిన పుస్తకం ‘ఎక్కింది’, నచ్చనిది ‘ఎక్కలే’. ఇప్పుడు తొమ్మిదో పుస్తకం నడుస్తోంది. మొదటి రెండూ తప్పుగా రాశాను. ఆ తప్పులు కూడా చెబుతాను.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

☐ 200 పేజీల లాంగ్ నోటుబుక్కు, కుట్టు బైండింగుది
☐ రెండు బాల్ పెన్నులు, ఒక పెన్సిలు
☐ పాత క్యాలెండరు వెనకవైపు కత్తిరించిన చీటీలు, ఒక ఇరవై
☐ నోటుబుక్కు పెట్టడానికి ఒకే ఒక చోటు (మా ఇంట్లో టీవీ పక్కన)

స్పైరల్ బుక్కు వద్దు. బస్సులో సంచిలో పెట్టి నాలుగుసార్లు ప్రొద్దుటూరు పోయొస్తే తీగ ఊడి చొక్కాకు తగులుకుంటుంది. జెల్ పెన్ను కూడా వద్దు. ఏప్రిల్, మే నెలల్లో మన ఊర్లో చెయ్యి పేజీ మీద ఆనించి రాస్తే చెమటకు అక్షరాలన్నీ అలుక్కుపోతాయి.

జనవరిలో ఎరువుల కొట్టువాళ్లు ఊరికే ఇచ్చే డైరీ అసలే వద్దు. దాంట్లో తేదీలు అచ్చేసి ఉంటాయి. ఏప్రిల్ 3 నుంచి 19 దాకా తెల్ల పేజీలు కనబడితే మనసు చివుక్కుమంటుంది, మే నెలకల్లా ఆ డైరీ పాలవాడి లెక్కలకు పోతుంది. నా మొదటి నోటుబుక్కు గతి అదే.

2. పేజీలు పంచుకోవడం

ముందు అన్ని పేజీలకూ నెంబర్లు వేయండి. విసుగు పనే, అరగంట పడుతుంది. కానీ నెంబర్లు లేకపోతే మూడేళ్ల తర్వాత ఏదీ దొరకదు.

మొదటి 6 పేజీలు విషయసూచికకు వదలండి. చివరి 20 పేజీలు పుస్తకం తిరగేసి వెనకనుంచి వాడండి: అర్థం కాని మాటలు అక్కడ. వాటికి ముందు 4 పేజీలు అప్పు పద్దు, అంటే మన పుస్తకాలు ఎవరికి ఇచ్చామో రాసుకునే లెక్క. మిగిలిందంతా పుస్తకాలకు. ఒక్కో పుస్తకానికి ఎదురెదురు రెండు పేజీలు, ఎంత చిన్న పుస్తకమైనా సరే. ఎడమ పేజీ చదువుతున్నప్పుడు రాయడానికి, కుడి పేజీ చదివాక రాయడానికి.

వెనక మాటల పేజీల గురించి ఒక మాట. నిఘంటువు చూసే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మా అమ్మాయి ఒక కథలో ‘కపిల’ అని చూసి, ఆ పేరుగల అమ్మాయి ఎప్పుడొస్తుందా అని నాలుగు పేజీలు ఎదురుచూసింది. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల అని మా అమ్మ చెప్పింది, తాళ్లూ తొండమూ ఎట్లుంటాయో చేత్తో గాల్లో గీసి మరీ చూపించింది. అది ఏ నిఘంటువులో వస్తుంది? పెద్దవాళ్లకూ తెలియని పాత మాటలకు 1852లో అచ్చయిన సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ పనికొస్తుంది. ఆంధ్రభారతి సైటులో వెతికితే అదీ, ఇంకా పది నిఘంటువులూ ఒక్కచోటే కనబడతాయి.

3. పుస్తకం తెరిచే ముందు నాలుగు వరుసలు

ఎడమ పేజీ పైన ఈ నాలుగూ రాశాకే చదవడం మొదలుపెట్టండి.

(1) పేరు, రచయిత, మొదటి ముద్రణ ఏడు, మీ చేతిలో ఉన్న ముద్రణ ఏడు.
(2) ఎవరు చెప్పగా తెచ్చారు, ఎక్కడినుంచి.
(3) దీంట్లో ఏముంటుందని అనుకుంటున్నారు.
(4) మొదలుపెట్టిన తేదీ, ఆ రోజుల్లో ఇంట్లో పరిస్థితి ఒక్క మాటలో.

మొదటి ముద్రణ ఏడు ఎందుకంటే, 1930ల నాటి పుస్తకంలో అరసున్నలూ గ్రాంథికమూ చూసి “ఈయన ఇట్ల రాసినాడేంది” అని కోప్పడకుండా ఉండటానికి. అట్ట తిప్పితే మొదటి పేజీల్లోనే ఉంటుంది, ‘ప్రథమ ముద్రణ, ప్రతులు 1000’ అని. చాలామంది ఆ పేజీ చూడరు.

అన్నిటికన్నా ముఖ్యం మూడోది. పుస్తకం నచ్చకపోవడంలో సగం సందర్భాల్లో జరిగేది ఇదే: మనం అనుకున్నది ఒకటి, దాంట్లో ఉన్నది ఒకటి. అట్ట మీద తుపాకి బొమ్మ చూసి కొన్న నవల తీరా చూస్తే అన్నదమ్ముల భాగపంపకాల కథ. నవల బాగానే ఉంది, నేనే తుపాకి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ముందే రాసుకోకపోతే ఆ సంగతి తర్వాత గుర్తుండదు. ‘బోరు’ అనే మాట ఒక్కటే మిగులుతుంది.

నాలుగోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ‘పరీక్షలు’, ‘నాన్న ఆసుపత్రి’, ‘పెళ్లి పనులు’. ఒక్క మాట చాలు.

4. ఎన్ని పేజీల దాకా ఓపిక పట్టాలి

నాన్సీ పెర్ల్ అనే అమెరికా లైబ్రేరియన్ చెప్పిన లెక్క ఒకటుంది. వయసు 50 లోపైతే 50 పేజీలు చదివి చూడాలి. 50 దాటితే వందలోంచి మన వయసు తీసేయాలి. 70 ఏళ్ల మనిషికి 30 పేజీలు చాలు. నవలలకు ఈ లెక్క బాగానే ఉంది. మనం చదివేవి నవలలే కాదు కాబట్టి నేను ఇలా మార్చుకున్నాను.

కథల సంపుటి: మూడు కథలు. మొదటిది, చివరిది, సంపుటికి పేరు పెట్టిన కథ. మూడూ ఎక్కకపోతే మూసేయండి.

పద్యకావ్యం: పేజీల లెక్క పనికిరాదు. పది పద్యాలు, గొంతెత్తి, ఒక్కోటి రెండుసార్లు. కళ్లతో చదివి “పద్యం నాకు రాదు” అనేవాళ్లే ఎక్కువ, నోటితో చదివి చూడరు. తాత్పర్యం ఉన్న ప్రతి తెచ్చుకోండి, కానీ తాత్పర్యం ముందు చదవకండి. కొత్తవాళ్లకు మన బద్వేలు పక్క గోపవరం మొల్ల రాసిన రామాయణం సరిగ్గా సరిపోతుంది. ఆరు కాండలూ చిన్నవి, భాష తేట.

వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన నవల: ఇది చాలామందికి తట్టని సంగతి. ప్రతి భాగం చివర ఒక కొక్కెం, తర్వాతి భాగం మొదట్లో పోయినవారం కథ మళ్లీ రెండు పేరాలు. వారానికొకసారి చదివేవాళ్ల కోసం కట్టిన కట్టడం అది. దాన్ని ఒక్క ఆదివారంలో మింగేసి “చెప్పిందే చెప్తాడు” అంటే తప్పు మనది. రోజుకు ఒక్క భాగం చదివి చూడండి, అదే నవల వేరేగా ఉంటుంది.

అనువాదం: 30 పేజీలు. ఎక్కకపోతే అదే పుస్తకానికి ఇంకో అనువాదం ఉందేమో వెతకండి. మూల రచయితను తిట్టే ముందు ఈ పని చేయాలి.

ఓపిక గడువు దాటాక ఆపేస్తే, ఆపిన పేజీ నెంబరు ఎడమ పేజీలో రాయండి. “మధ్యలో వదిలేసినాను” అని సిగ్గుపడాల్సిన పని లేదు. నా తొమ్మిది నోటుబుక్కుల్లో అట్లాంటివి వందకు పైనే ఉన్నాయి.

5. ‘ఎక్కలే’ అని రాయడం

ఈ పద్ధతిలో అసలు పని ఇక్కడే ఉంది. నచ్చిన పుస్తకం గురించి ఎవరైనా రెండు ముక్కలు రాయగలరు. నచ్చనిదాని గురించి రాయాలంటే మన మీద మనకు అనుమానం ఉండాలి.

కుడి పేజీని నాలుగు గడులుగా గీయండి. ఒక్కో గడికీ ఒక పేరు: పుస్తకం తప్పు, నా తప్పు, వేళ తప్పు, అచ్చు తప్పు. నాలుగు గడుల్లోనూ ఏదో ఒకటి రాసేదాకా పెన్ను దించకండి. ఖాళీ గడి ఉంటే ‘లేదు’ అని రాయండి, వదిలేయకండి.

*అచ్చు తప్పు* నుంచి మొదలుపెట్టండి, అది సులువు. చీమ తలకాయంత అక్షరాలు, పేజీకి నాలుగు ముద్రారాక్షసాలు, తెరిస్తే విడిపోయే జిగురు బైండింగు, ఫోనులో చదివిన స్కాను కాపీలో సగం మాయమైన వరుసలు. వీటితో కళ్లు నొప్పి పుట్టి, ఆ నొప్పిని రచయిత ఖాతాలో వేస్తాం.

*వేళ తప్పు* తర్వాత. పైన నాలుగో వరుసలో రాసిన ‘పరీక్షలు’ ఇక్కడ అక్కరకొస్తుంది.

*నా తప్పు* గడిలో నిజం రాయండి, ఎవరూ చూడరు. నాకు 20 ఏళ్లప్పుడు, డిగ్రీలో, ‘కేతు విశ్వనాథరెడ్డి కథలు’ చదివి “కథల్లో ఏమీ జరగదు” అని రాసి మూసేశాను. 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం అని తెలిసే తెచ్చుకున్నాను కాబట్టి కోపం ఇంకా ఎక్కువైంది. అప్పట్లో నాకు కావాల్సింది కడప దాటిపోవడం. ఆ పుస్తకం నిండా కడప పల్లెలే. 38 ఏళ్లప్పుడు, మా ఊర్లో బోర్లు ఎండి మా చిన్నాన్న చేను కౌలుకు ఇచ్చిన ఏడాది, మళ్లీ తీశాను. ఇప్పుడు నా మొదటి అయిదు పుస్తకాల్లో అదొకటి. పాత పేజీ మాత్రం కొట్టేయలేదు. దాని పక్కనే కొత్త పేజీ నెంబరు రాశాను.

*పుస్తకం తప్పు* చివర. ఇక్కడ ఒక్కటే నియమం: పేజీ నెంబరు లేని ఆరోపణ చెల్లదు. “పాత్రలు సహజంగా లేవు” అంటే ఎవరికీ ఏమీ తెలియదు. నాకు బొత్తిగా గిట్టనివి సీమ అంటే బాంబులూ సుమోలూ తప్ప ఇంకేమీ లేదన్నట్టు రాసే నవలలు. కానీ ఆ మాట అట్లాగే రాస్తే అది ఊరి పౌరుషం అవుతుంది. అందుకని ఇలా రాస్తాను: “పే. 41: పల్లె ముసలాయన కొడుకును పిలిచే పిలుపు సినిమాలోది, ఇక్కడ తండ్రులు అట్ల పిలవరు. పే. 67: నవంబరులో శనక్కాయ విత్తుతున్నట్టు రాశాడు, వానకు వేసే చేను అది, ఆ నెలకు పెరికేసి ఉంటారు. పే. 90: ఇరవై మంది చచ్చిపోయారు, ఒక్కరి ఇంట్లోనూ మరుసటి రోజు పొయ్యి సంగతి లేదు.” ఇంత రాశాక ఆ పుస్తకం నాకెందుకు నచ్చలేదో నాకే కొత్తగా అర్థమైంది. కొట్లాటలు ఉన్నందుకు కాదు, బతుకు లేనందుకు.

ఈ గడి నింపడం నేర్చుకోవాలంటే మన ఊరివాడే గురువు. కడపలో ఉండి ‘సంవేదన’ పత్రిక నడిపిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి (రా.రా.). ఆయన వ్యాసాల పుస్తకం ‘సారస్వత వివేచన’లో ఏ వ్యాసమైనా తీయండి. ఆయన తీర్పుతో మీరు ఒప్పుకోకపోవచ్చు, నేనూ కొన్నిచోట్ల ఒప్పుకోను. కానీ నచ్చలేదన్న మాటకు కారణం ఎట్లా కట్టాలో తెలుస్తుంది.

6. ‘ఎక్కింది’ అని రాయడం

ఇక్కడ నిషేధించాల్సిన మాటలు మూడు: అద్భుతం, మనసును తాకింది, తప్పక చదవాలి. నా రెండో నోటుబుక్కు నిండా ఇవే. ఇప్పుడు చూస్తే ఏ అద్భుతం ఏ పుస్తకానిదో తెలియడం లేదు.

వాటి బదులు:

☐ గుర్తున్న ఒక్క సన్నివేశం, పుస్తకం చూడకుండా, రెండు వాక్యాల్లో
☐ చేత్తో ఎత్తి రాసుకున్న ఒక్క వాక్యం, పేజీ నెంబరుతో
☐ ఈ పుస్తకం ఎవరికి ఇస్తాను, ఎవరికి ఇవ్వను
☐ ఇంత నచ్చినా దీంట్లో నచ్చని ఒక్క చోటు

చివరిది దొరకలేదంటే రెండు రోజులాగి రాయండి. పుస్తకం మూసిన వేడిలో లోపాలు కనబడవు.

7. చదివే వేళ

పేజీలు లెక్కపెట్టుకోవద్దు, నిమిషాలు పెట్టుకోండి. రోజుకు 20 నిమిషాలు. ‘ఏడాదికి 50 పుస్తకాలు’ అని పందెం కట్టుకున్నవాళ్లు నవంబరులో సన్న పుస్తకాలు వెతుక్కోవడం చూశాను.

ఎండాకాలం మధ్యాహ్నం చదువు మన ఊర్లో సాగదు, పుస్తకం ముఖం మీద పడుతుంది. పొద్దున అయిదున్నర మంచిది. బస్సులో చదివితే కథలే చదవండి, ఊరొచ్చేలోపు ఒకటి అయిపోతుంది. ఫోను వేరే గదిలో. టిఫిన్ తింటూ చదవద్దు అని చెప్పను గానీ, కారం దోశ రోజు మాత్రం వద్దు. ఆ ఎర్రకారం మరక పేజీకి అవతలికి కూడా దిగుతుంది.

8. లైబ్రరీ పుస్తకాలు, అప్పు పుస్తకాలు

జిల్లా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం, లోపలికి పోయి చూసేది కొందరమే. పాత పుస్తకాలకైతే ఎర్రముక్కపల్లెలో, బ్రౌన్ బంగళా ఉన్నచోట కట్టిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. పోయే ముందు వేళలు కనుక్కోండి.

లైబ్రరీ పుస్తకం మీద పెన్సిలుతో కూడా గీయకండి. చీటీ పెట్టి, చీటీ మీద రాయండి. మీకంటే ముందు చదివినవాళ్లు “శభాష్” అని పక్కన రాసిపెట్టిన చోట మీరు సొంతంగా ఆలోచించగలిగారా, చెప్పండి?

అప్పు పద్దులో నాలుగు గడులు: పుస్తకం, ఎవరికి, ఎప్పుడు, ఎప్పుడొచ్చింది. ఇచ్చేటప్పుడు వాళ్ల చేతనే పేరు రాయించండి. “ఏమన్నా, నన్ను నమ్మవా?” అంటారు. నవ్వి పెన్ను ఇవ్వండి. రాసినవాళ్లలో పుస్తకం తిరిగివ్వని మనిషి నాకు ఒక్కరే తగిలారు. రాయనివాళ్ల లెక్క చెప్పను, వాళ్లలో మా బావమరిది ఉన్నాడు.

9. ఎక్కడ తప్పుతారు, ఎట్లా దిద్దుకోవాలి

*కథ మొత్తం రాయడం.* రెండు పేజీలూ కథా సారాంశంతోనే నిండిపోతాయి. దిద్దుబాటు: కథకు మూడు వరుసలే, గీత గీసి ఆపండి.

*ముందు వేరేవాళ్ల సమీక్షలు చదవడం.* అప్పుడు మీ నోటుబుక్కులో వాళ్ల మాటలే ఉంటాయి. కుడి పేజీ నిండాకే చదవండి.

*పెద్ద పేరుకు భయపడటం.* అందరూ మెచ్చిన పుస్తకం ఎక్కకపోతే చాలామంది ఆ పేజీ ఖాళీగా వదిలేస్తారు. నాలుగు గడుల పద్ధతి అందుకే. ‘నా తప్పు’ కూడా ఒక గడి కాబట్టి రాయడానికి ధైర్యం వస్తుంది.

*మూడు వారాలు రాయకపోవడం.* పాతవన్నీ గుర్తుచేసుకుని పూరించాలని కూర్చోకండి, అక్కడే టెన్షన్ మొదలై అక్కడే ఆగిపోతుంది. పుస్తకం పేరు మాత్రం రాసి ముందుకు పోండి.

10. ఉగాదికి తిరగేయడం

ఏడాదికొకసారి, ఉగాది మధ్యాహ్నం, విషయసూచిక ముందు పెట్టుకుని కూర్చోండి. ‘ఎక్కలే’ పుస్తకాల్లోంచి రెండు ఏరండి. ‘వేళ తప్పు’ గడి బరువుగా ఉన్నది ఒకటి, ‘నా తప్పు’ గడి బరువుగా ఉన్నది ఒకటి. ఆ ఏడాది ఆ రెండూ మళ్లీ చదవాలి. ‘పుస్తకం తప్పు’ గడి నిండినవాటి జోలికి పోవద్దు, వాటికి న్యాయం జరిగిపోయింది.

‘ఎక్కింది’లోంచి కూడా ఒకటి తీయండి. ఇది కొంచెం గుండె గట్టి చేసుకుని చేయాల్సిన పని. ఇరవై ఏళ్ల వయసులో ఏడిపించిన నవల ఇప్పుడు నవ్వు తెప్పిస్తే, అదే తేదీ వేసి రాయండి.

11. కానుకగా వచ్చిన పుస్తకాలు

ఎక్కువమంది అడిగేది దీని గురించే, అదీ చెవిలో. మనది చిన్న ఊరు. ఆవిష్కరణ సభకు పోతే కవిగారు ‘మీ అమూల్య అభిప్రాయం కోసం’ అని సంతకం చేసి కవితా సంపుటి చేతిలో పెడతారు. మళ్లీ వారం కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ఎదురవుతారు. చదవకుండా “అద్భుతం సార్” అంటే, “ఏ కవిత?” అని అడిగినప్పుడు దొరికిపోతారు. నేను దొరికిపోయాను.

☐ తెచ్చిన 15 రోజుల్లోపు నాలుగు కవితలైనా చదవండి
☐ బాగున్న ఒక్క పాదం, పేజీ నెంబరు చీటీ మీద రాసుకోండి
☐ ఎదురయ్యే దాకా ఆగకుండా మీరే ఫోను చేసి ఆ పాదం చెప్పండి
☐ మిగతాది ఆయన గట్టిగా అడిగితేనే, ఒక్కటే, పేజీ నెంబరుతో చెప్పండి

ఆ పుస్తకం ఇంట్లో పెట్టుకోలేకపోతే పల్లెలో ఏదైనా బడికి ఇచ్చేయండి. పాత పేపర్లవాడికి మాత్రం వేయకండి. నేను కేజీల్లో వేసిన ఒక సంపుటి నెల తిరక్కుండా, నా పేరూ ఆయన సంతకమూ ఉన్న మొదటి పేజీతో సహా, పాత పుస్తకాలు అమ్మే బండి మీద తేలింది. కొనుక్కుని తిరిగి తెచ్చినవారు కవిగారే.